బ్రోకర్ చేతిలో తాళంచెవి

జూన్ వచ్చిందంటే నా వాట్సాప్ నిండా కిరాయి ఇళ్ల గొడవలే. ఈసారి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ ఓనర్లవే. అన్నింట్లోనూ ఉన్న మనిషి ఒకడే, బ్రోకర్. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం ఆయనకే ఇస్తున్నా.

ఒకప్పుడు మన ఊళ్లలో ఈ మనిషి అవసరం ఉండేది కాదు. గేటుకు అట్టముక్క మీద 'టులెట్' అని రాసి కడితే సాయంత్రానికి నలుగురు వచ్చి అడిగేవాళ్లు. ఇప్పుడు ఇల్లు ఇక్కడ, ఓనరు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో. వచ్చేవాళ్లు కూడా మారారు. సూర్యాపేటలో 2019లో మెడికల్ కాలేజీ వచ్చాక డాక్టర్లు, నర్సులు, పిల్లల చదువుకని కాపురం మార్చేవాళ్లు. కోదాడలో రెండు రాష్ట్రాల మధ్య తిరిగే వ్యాపారస్తులు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల ఉద్యోగులు. మిర్యాలగూడలో రైసుమిల్లుల వాళ్లు ఎప్పుడూ ఉన్నారు, దామరచర్ల మండలంలో యాదాద్రి పవర్ ప్లాంటు మొదలయ్యాక ఎక్కడెక్కడి ఇంజినీర్లో దిగారు. మొహం తెలియనివాళ్లకు ఇల్లియ్యాలంటే మధ్యలో తెలిసినవాడు ఒకడు కావాలి. తప్పు లేదు. కాకపోతే ఆ తెలిసినవాడికి మనం ఏం అప్పజెప్పామో మనకే తెలియదు. చిక్కంతా అక్కడే.

అందరూ అడిగేది కమిషన్ సంగతి. "ఒక నెల కిరాయి అడుగుతున్నాడు సార్, చట్టంలో ఎంతుంది?" చట్టంలో ఏమీ లేదు. 2016లో వచ్చిన రెరా చట్టం కింద ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలి గానీ, అది ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించేవాళ్లకు. కిరాయికి ఇప్పించేవాళ్లకు దానితో పనిలేదు. కాబట్టి కమిషన్ అనేది మీరూ ఆయనా అనుకున్న మాటే. ఆ మాట ముందే అనుకోండి. మీ దగ్గర ఎంత, కిరాయిదారు దగ్గర ఎంత, వచ్చినవాళ్లు మూడు నెలలకే పోతే మళ్లీ ఇవ్వాలా వద్దా? ఇంకోటి, పని పూర్తయ్యాకే కూలి అన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది, వేరేగా ఒప్పుకుంటే తప్ప. అగ్రిమెంట్ మీద సంతకాలు పడి, అడ్వాన్స్ మీ ఖాతాలో చేరాక ఇవ్వండి. "ఇల్లు చూపించడానికి పెట్రోలు ఖర్చు" అని ముందే ఐదొందలు అడిగితే ఇవ్వాలా మానాలా అన్నది మీ మొహమాటాన్ని బట్టి ఉంటుంది.

కమిషన్ గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. అసలు నష్టం కమిషన్‌లో రాదు. ఎక్కడ వస్తుందో నా సొంత అనుభవమే చెబుతా, కొంచెం సిగ్గుగానే ఉంది.

నలభై ఏళ్లు నల్లకోటు వేసుకున్నవాణ్ణి నేను. ఇలాంటి ఒప్పందాలు వందల్లో రాసుంటాను. మా అమ్మాయి కాన్పుకని నేనూ మా ఆవిడా హైదరాబాద్ పోయి ఎనిమిది నెలలు ఉండిపోయాం. సూర్యాపేటలో మా ఇంటి మేడమీది పోర్షన్‌ను ఒక బ్రోకర్ ద్వారా ఒక స్టాఫ్ నర్సుకు ఇచ్చాం. ఆమే, వాళ్లమ్మా ఇద్దరే. నెలకు 7500. తాళం ఇచ్చింది బ్రోకరే. ప్రతి నెలా ఐదో తారీఖున నగదు తీసుకుని, తన ఐదొందలు పట్టుకుని, మిగిలింది నాకు ఫోన్‌లో పంపేది కూడా ఆయనే. కొన్నాళ్లకు ఐదు కాస్తా పదిహేనయింది, పదిహేను ఇరవై అయింది. డిసెంబర్‌లో ఫోన్ చేసి చెప్పాను: "ఇక నుంచి నువ్వు వసూలు చెయ్యకు. నేనే చూసుకుంటా." ఆయన "సరే సార్" అన్నాడు. అంతే. ఆ అమ్మాయికి మాత్రం నేను ఫోన్ చెయ్యలేదు. ఆయనే చెబుతాడులే అనుకున్నా.

జనవరి కిరాయి రాలేదు. ఫిబ్రవరిదీ రాలేదు. మార్చిలో ఊరికొచ్చి, బస్సు దిగిన కోపంతోనే మెట్లెక్కి తలుపు కొట్టాను. వాళ్లమ్మ ముందే, నలుగురు వినేటట్టు గట్టిగా అడిగాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా లోపలికి పోయి చిన్న నోట్‌బుక్ తెచ్చింది. నెలనెలా తారీఖు, 7500, కింద బ్రోకర్ సంతకం. జనవరి ఉంది. ఫిబ్రవరి కూడా ఉంది.

"వాడికెందుకిచ్చావమ్మా?" అన్నాను, ఇంకా గొంతు తగ్గించకుండానే.

"తాళం ఇచ్చింది ఆయనే, అప్పట్నించి కిరాయి తీసుకున్నదీ ఆయనే. ఇయ్యొద్దని మీరు నాకు ఎప్పుడు చెప్పిన్రు సార్?"

లా కాలేజీలో మొదటి ఏడు చదువుకున్న పాఠమే. ఏజెంటును తీసేస్తే, ఆ తీసేయడం మూడో మనిషికి తెలిసిన దగ్గర్నుంచే ఆ మనిషి విషయంలో చెల్లుతుంది. అంతవరకు ఆయనకిచ్చిన పైసలు నాకిచ్చినట్టే. అంటే ఆ అమ్మాయి నాకు ఒక్క రూపాయి బాకీ లేదు. పదిహేను వేలు నేను బ్రోకర్ దగ్గర వసూలు చేసుకోవాలి. తిరగ్గా తిరగ్గా ఆరువేలు వచ్చాయి, తొమ్మిది పోయాయి. అదీ పెద్ద బాధ కాదు. ఆ పిల్లకు తప్పు నాదేనని చెప్పడానికి నాకు వారం పట్టింది. అప్పటికే వాళ్లు వేరే ఇల్లు చూసుకున్నారు. "పర్లేదు సార్" అంది గానీ, ఉండలేదు.

అందుకని మీరేది అడిగినా ముందుగా నేనడిగేది ఒక్కటే. మీ బ్రోకర్ పని మనిషిని వెతికి తేవడమా, తర్వాత ఇంటిని చూసుకోవడమా? మన ఊళ్లలో మొదటిది అప్పజెప్పి, రెండోదాన్ని ఊరికే జారవిడుస్తాం. "ఆయనకిస్తే నాకు పంపుతాడు" అని కిరాయిదారుతో ఒక్కమాట అంటే చాలు, వసూలు చేసే అధికారం ఇచ్చినట్టే. కాగితం అక్కర్లేదు. ఆ అధికారంతో ఆయన తీసుకున్న కిరాయికీ, అడ్వాన్స్‌కూ జవాబుదారీ మీరే. మిర్యాలగూడ నుంచి ఒకాయన రాశారు: బ్రోకర్ అడ్వాన్స్ కింద రెండు నెలలది తీసుకుని ఒక నెలదే తనకిచ్చాడట, ఖాళీ చేసేటప్పుడు కిరాయిదారు రెండు నెలలదీ అడుగుతున్నాడట. ఇవ్వాలండీ. మీ తరఫున తీసుకున్న మనిషిని పెట్టింది మీరు. మిగతాది మీకూ ఆయనకూ మధ్య లెక్క. అడిగితే లెక్క చూపడం, వసూలైంది అప్పజెప్పడం ఏజెంటు మీద చట్టం పెట్టిన బాధ్యత. కానీ ఏ కోర్టుకు పోయినా, ఇచ్చినట్టు రుజువు కావాలి కదా.

మందు కష్టమైంది కాదు. అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించండి: "కిరాయి, అడ్వాన్స్ ఓనరు ఖాతాలోనే జమ చేయాలి, మరెవరికిచ్చినా చెల్లు కాదు." ఖాతా నంబరు అక్కడే రాయండి. వసూలు కూడా ఆయనకే ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ తీసేసిన రోజు కిరాయిదారుకు మీరే చెప్పండి. ఫోన్‌లో చెప్పి, వెంటనే మెసేజ్ కూడా పెట్టండి. బ్రోకర్‌కూ అదే మెసేజ్ పంపండి. నేను చెయ్యనిది ఇదే. రెండు నిమిషాల పని.

ఇంకో సంగతి. మీ బ్రోకర్ మీ ఇంటిని తన బామ్మర్దికే తక్కువకు ఇప్పించి, "అంతకంటే ఎవరూ రావట్లేదు సార్" అన్నాడనుకోండి. మీకు చెప్పకుండా తన లాభం చూసుకుంటే ఆ ఒప్పందాన్ని మీరు కాదనవచ్చు, ఆ లాభాన్ని అడగవచ్చు. ఇది కూడా ఆ పాత చట్టంలోనే ఉంది. నూటయాభై ఏళ్ల కిందట రాసినవాళ్లకు కూడా బామ్మర్దుల సంగతి తెలుసన్నమాట.

ఇక పదకొండు నెలల కాగితం. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది, మన దగ్గర రాష్ట్ర సవరణతో ఏడాదిలోపు లీజులకూ అది వర్తిస్తుంది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పుతాయన్న నమ్మకంతోనే పదకొండు నెలలు రాస్తుంటారు. అంతకుమించి అందులో మహత్యం లేదు. కోదాడ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ భయంభయంగా అడిగారు: "పదకొండు నెలలకోసారి మార్చి రాయకపోతే, పన్నెండేళ్లకు ఇల్లు వాళ్లదైపోతుందని మా బ్రోకర్ అంటున్నాడు, నిజమేనా?" కాదమ్మా. మీరు ఇస్తే వచ్చి, మీకు కిరాయి కడుతూ ఉన్నవాళ్లు ఎన్నేళ్లున్నా కిరాయిదారులే. ఓనరుగా ఒప్పుకుని లోపలికొచ్చిన మనిషి ఆ ఇంట్లో ఉంటూనే 'నువ్వు ఓనరువి కాదు' అనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఆ భయం పెట్టి ప్రతి పదకొండు నెలలకూ 'రెన్యువల్ కమిషన్' తీసుకుంటున్నాడేమో చూసుకోండి. కొత్త కాగితం మీరే రాయించుకోవచ్చు. కిరాయి ఎంత పెంచారో రాసుంటే రేపు మాట తేడా రాదు, దాని ఉపయోగం అంతే. పనిలో పనిగా, నోటరీ ముద్ర వేరు, రిజిస్ట్రేషన్ వేరు. కోర్టు పక్కన స్టాంపు పేపర్ మీద గుండ్రటి ముద్ర పడగానే రిజిస్టర్ అయిందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

"ఖాళీ చెయ్యమంటే చెయ్యట్లేదు, రెంట్ కంట్రోల్‌లో వెయ్యాలా?" అని ఇద్దరు అడిగారు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం మనకు ఇప్పటికీ ఉంది. కానీ 2005లో చేసిన సవరణతో, కార్పొరేషన్లలో నెలకు 3500, మిగతా పట్టణాల్లో 2000 దాటిన ఇళ్లు దాని కిందికి రావు. ఇవాళ మన ఊళ్లలో రెండు గదుల పోర్షన్ అయినా రెండువేలకు దొరుకుతుందా? అంటే మీలో దాదాపు అందరికీ వర్తించేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే. గడువు అయిపోయి నెలనెలా కిరాయి మీద నడుస్తున్న ఇంటికి, కాగితంలో వేరేగా రాసుకోకపోతే, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన రోజు నుంచి లెక్క. అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో దావా. గడువు మధ్యలో ఉంటే మాత్రం, కాగితంలో రాసుకున్న కారణం లేకుండా పొమ్మనలేరు. అందుకే ఆ కాగితంలో 'ఇద్దరిలో ఎవరైనా ఒక నెల ముందు చెప్పి ముగించవచ్చు' అనే ముక్క ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. బ్రోకర్ తెచ్చే జిరాక్స్ ఫారంలో అది ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

కేంద్రం 2021 జూన్ 2న మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించిందని, అందులో అడ్వాన్స్ రెండు నెలలకు మించకూడదని ఒకరు గుర్తు చేశారు. నిజమే. ఓనరు తరఫున ఇల్లు చూసుకునే 'ప్రాపర్టీ మేనేజర్' బాధ్యతలు కూడా అందులో రాశారు. మంచి ముసాయిదా. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు.

ఇంకో మెసేజ్ చదివి నిజంగా భయమేసింది. "మూడు నెలలుగా కిరాయి లేదు. 'పదివేలియ్యండి సార్, నేను ఖాళీ చేయిస్తా. కరెంటు తీస్తే రెండ్రోజుల్ల పోతరు' అంటుండు మా బ్రోకర్." వద్దు. ఒక్క రోజు కూడా వద్దు. కిరాయి ఎగ్గొట్టినా సరే, లోపలున్న మనిషిని కోర్టు ద్వారా తప్ప బయటికి పంపే హక్కు మీకు లేదు, మీరు పంపినవాడికి అసలే లేదు. తాళం పగలగొట్టి సామాను బయటేస్తే, ఆయన ఆరు నెలల్లోగా కోర్టుకెక్కి, ఇల్లు ఎవరిదన్న మాట లేకుండానే మళ్లీ లోపలికి రావచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆ దారి ఇచ్చింది. సామానులో బంగారం పోయిందని పోలీసు కేసు పడితే ముందుండేది మీ పేరు. పదివేలు తీసుకున్నవాడు ఆ రోజు ఫోన్ ఎత్తడు. ఆ పదివేలు పెట్టి నోటీసు ఇప్పించండి.

అమెరికా కొడుకుల సంగతికొస్తా. కోదాడ నుంచి ఒక పెద్దాయన: ఇల్లు కొడుకు పేరున ఉంది, కొడుకు డాలస్‌లో. అగ్రిమెంట్ మీద తండ్రే సంతకం పెట్టారు, కిరాయి తండ్రి ఖాతాలో పడుతోంది, బ్రోకర్ "ఏం కాదు" అన్నాడు. కొన్నాళ్లు ఏం కాదు, నిజమే. తగాదా వచ్చిన రోజు అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న, "మీకేం అధికారం ఉంది?" అని. అందుకని కొడుకు దగ్గర్నుంచి పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించుకోండి. అక్కడి మన కాన్సులేట్‌లోనో, నోటరీ, అపోస్టిల్ ముద్రలతోనో చేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇక పన్ను సంగతి. కిరాయి ఎవరి ఖాతాలో పడ్డా, ఇల్లు ఎవరిదో ఆదాయం వాళ్లదే. కొడుకు ఎన్నారై కాబట్టి కిరాయి ఆయన ఎన్నార్వో ఖాతాకు పోవడం పద్ధతి. ఇంకోటి చాలామందికి తెలియదు. ఓనరు ఎన్నారై అయితే, కిరాయి ఎంత చిన్నదైనా కిరాయిదారే పన్ను పట్టుకుని కట్టాలి. సెస్సుతో కలిపి మామూలుగా 31.2 శాతం. నెలకు 50,000 దాటితేనే అన్నది ఇక్కడుండే ఓనర్ల లెక్క. కొడుకు ఆదాయం అంత లేకపోతే, తక్కువ పట్టుకోమని ఆదాయపు పన్ను శాఖ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఈ ముక్క దాచి ఇల్లిస్తే రేపు నోటీసు వచ్చేది పాపం కిరాయిదారుకు. ముందే చెప్పండి.

పన్ను మాటొచ్చింది కనుక ఇదీ చెప్పేస్తా. కిరాయి ఆదాయంలో మీరు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల వగైరాల కింద చట్టమే తగ్గిస్తుంది. బ్రోకర్ కమిషన్‌ను వేరేగా తగ్గించుకోవడం కుదరదు. సున్నానికి అయిందీ అంతే.

మిర్యాలగూడ నుంచి ఒకావిడ అడిగింది: "కంపెనీ వాళ్లకు ఇప్పిస్తున్నా అన్నడు బ్రోకర్. ఫ్యామిలీ అనుకున్న. చూస్తే తొమ్మిదిమంది మగపిల్లలు దిగిన్రు." ప్లాంటు పనులకు వచ్చే కాంట్రాక్టర్లు ఇల్లు తీసుకుని పనివాళ్లను పెట్టడం మామూలే, అందులో తప్పేమీ లేదు. ఆ పిల్లలదీ తప్పు కాదు. అమ్మా, మీ కాగితంలో కిరాయిదారు ఎవరని ఉంది? బ్రోకర్ పేరే ఉంటే అది ఇంకా పెద్ద చిక్కు. కంపెనీ పేరు, సంతకం పెట్టిన మనిషి ఆధార్, ఉండేవాళ్లు ఎంతమంది, వేరేవాళ్లకు మళ్లీ కిరాయికి ఇవ్వకూడదు అన్న షరతు, ఇవన్నీ కాగితంలో ఉండాలి. ఇప్పుడైనా కంపెనీ మనిషిని పిలిచి మాట్లాడి రాయించుకోండి. తీసుకున్న కంపెనీకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, 2022 జూలై 18 నుంచి ఇంటి కిరాయి మీద ఆ పన్ను వాళ్లే కట్టుకోవాలి, మీరు కాదు. ఉండేవాళ్ల వివరాలు పోలీసు స్టేషన్‌లో ఇచ్చిరండి. బ్రోకర్ ఇచ్చాడా అని అడగడం కాదు, మీరే పోండి.

ఒక ప్రశ్నకు మాత్రం జవాబివ్వను. "మన కులపోళ్లనే తీసుకురమ్మని బ్రోకర్‌కు ఎట్లా చెప్పాలి, కాగితంలో రాయొచ్చా?" అని అడిగిన పెద్దమనిషికి. ఫోన్ ఎత్తగానే "ఏమిట్లోళ్లు?" అని అడిగించుకునే వాళ్లలో మీ ఊరి ఆస్పత్రిలో మీకు సెలైన్ పెట్టే పిల్ల కూడా ఉంటుంది. కిరాయి కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అని అడగమనండి, ఎట్లా అడగాలో చెబుతాను.

చివరగా కరెంటు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్లకార్డు ఉన్నవాళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. కిరాయికున్నవాళ్లకూ వర్తిస్తుంది. "సర్వీస్ నంబర్ ఇస్తే మీటర్ వాళ్ల పేరు మీదికి పోతుంది, ఇవ్వకండి" అని సూర్యాపేటలో ఒక బ్రోకర్ చెప్పాడట. మీటర్ ఎక్కడికీ పోదు, మీ పేరునే ఉంటుంది. నంబర్ ఇవ్వండి. ఖాళీ చేసేటప్పుడు వాళ్ల కార్డు లింకు తీయించమని చెప్పండి, లేకపోతే తర్వాత వచ్చేవాళ్లు ఇబ్బంది పడతారు.

వచ్చేవారం పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ తగాదాలు. ప్రశ్నలు పంపేవాళ్లు గోడ ఫొటోలు పంపకండి, కాగితాల ఫొటోలు పంపండి.